అద్దాలకెన్ని నీళ్లు

“పైపు వద్దమ్మా. నా నీళ్లు నేను తెచ్చుకున్నా.”

ఝాన్సీ అతని చేతిలోని బకెట్ వైపు చూసింది. సగం కూడా లేదు.

నరసరావుపేటలో గుంటూరు రోడ్డు పక్కనున్న డయాలసిస్ సెంటర్ అది. ముందు గోడంతా అద్దాలే. సిమెంటు లారీల దుమ్ముకు బూడిదరంగు తిరిగాయి. మర్నాడు పెద్ద డాక్టరుగారు వస్తున్నారు. కొత్తగా చేరిన మేనేజరు ఝాన్సీ అద్దాలు కడిగేవాళ్లకు కబురు పెడదామనుకుంటుండగా, ఎవరూ పిలవకుండానే ఇతను వచ్చి నిలబడ్డాడు. పేరు కాలేషా అన్నాడు.

“ఇంత గోడకు ఆ నీళ్లేం సరిపోతయ్యి? పైన ట్యాంకుందిగా, పైపేసి కొట్టు.”

“ఆ ట్యాంకు నీళ్లు నేను ముట్టనమ్మా.”

“ఎందుకని?”

అతను తాడు భుజాన వేసుకుని డాబా మీదికి వెళ్లిపోయాడు.

తడిగుడ్డతో దుమ్ము తడిపి, రబ్బరు పట్టీతో పై నుంచి కిందికి లాగుతున్నాడు. అంచున జారే చుక్కను కింద పడకముందే గుడ్డతో పట్టేస్తున్నాడు. గోడ కింద నేల తడవనే లేదు.

ఎండ మాడ్చేస్తోంది. కొత్త ఆయా స్వాతి మంచినీళ్లిస్తే తల అడ్డంగా ఊపాడు.

“నాలుక పిడచకట్టినా తాగటల్లేదు మేడమ్. ఈ బిల్డింగు నీళ్లే వద్దంటన్నాడు. ట్యాంకులో ఏమన్నా ఉందేమో!” అంది స్వాతి గొంతు తగ్గించి.

ఆ మాట మంచం నుంచి మంచానికి పాకింది. పడుకున్నవాళ్లు తమ చేతుల్లోంచి మిషన్లలోకి పోయే గొట్టాల వైపు భయంగా చూసుకున్నారు.

అంతలో మూడో అంతస్తులో కెవ్వుమని కేక.

“అమ్మాయ్! వాడు నన్నే చూస్తన్నాడు! నాతో ఏందో మాట్లాడతన్నాడు!”

తన వంతు కోసం కిటికీ పక్క మంచం మీద పడుకున్న లీలావతమ్మ వణికిపోతోంది. ఝాన్సీ పరుగున వెళ్లింది.

అన్ని అద్దాలూ చకచకా తుడిచిన కాలేషా అక్కడ ఆగిపోయాడు. తాడుకు వేలాడుతూ, అరచెయ్యి అద్దానికి ఆనించి లోపలికి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. మాట వినపడటం లేదు. చూపు లీలావతమ్మ మీదే ఉంది కానీ, ఆ మంచం మీద ఇంకెవరినో చూస్తున్నట్టుగా ఉంది.

ఝాన్సీ అద్దం మీద గట్టిగా కొట్టింది. అతను రెప్ప కూడా వెయ్యలేదు.

కిందికి దిగాక నిలదీసింది.

“ఏందయ్యా నువ్వు చేసేది? ఆడమనిషి పడుకున్న చోట ఆ చూపులేంది? పో ఇక్కణ్ణుంచి!”

“ఆ ఒక్క అద్దం తుడిచి పోతానమ్మా.”

“అక్కర్లా. పైపుతో కడిగేవాళ్లను పిలుచుకుంటా.”

కాలేషా చేతులు జోడించాడు.

“పైపు మాత్రం వద్దమ్మా. లోపల మనుషులున్నారు.”

“ఉంటే నీకేంది? నడువ్!”

అతను వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు మోటారు తెచ్చి డాబా మీది ట్యాంకుకు పైపు పెట్టారు. నీళ్లు గోడ మీద వానలా కురిసి రోడ్డు దాకా పారాయి. అద్దాలు తళతళలాడాయి. ఝాన్సీ ఫోటో తీసి డాక్టరుగారికి పంపింది.

కాసేపటికి లోపల ఒక మిషన్ గుయ్యిమంది. వెంటనే ఇంకొకటి. తర్వాత అన్నీ.

టెక్నీషియన్ ఆదిల్ పరుగెత్తుకొచ్చాడు.

“మేడమ్, ట్యాంకు ఖాళీ! మిషన్లకు నీళ్లు రావటల్లేదు.”

“బోరు వెయ్యండి!”

“బోరెండిపోయి చానా రోజులైంది. ట్యాంకరోడికి ఫోన్ చేస్తే సాయంత్రానికి వస్తానంటన్నాడు.”

“అప్పటిదాకా?”

“ఆపెయ్యాల్సిందే. మిగతావాళ్లు రేపటిదాకా ఆగుతారేమో. లీలావతమ్మకు ఇప్పుడే పెట్టాం. ఆమెకు పొటాషియం చానా ఎక్కువుంది. ఈపూట ఆపితే గుండె...”

ఝాన్సీ మూడో అంతస్తుకు పరుగెత్తింది.

“ఏమైందమ్మాయ్? ఆ కూతలేంది?” లీలావతమ్మ ఝాన్సీ చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి.

“ఏం లేదు పిన్నీ” అంది ఝాన్సీ.

అప్పుడే కింద హారన్ మోగింది.

నీళ్ల ట్యాంకరు. వాచ్‌మన్ శివరామయ్య డ్యూటీకి వస్తూనే దాని గొట్టాన్ని సంపులోకి లాగుతున్నాడు. మోటారు పైకి నీళ్లు తోడింది. కాసేపటికి మిషన్లు ఒక్కొక్కటే అరుపు మానాయి.

ఝాన్సీ ఒక్క పరుగున కిందికి దిగింది.

“దీన్నెవరు పిలిచారు బాబాయ్?”

“కాలేషా పంపిచ్చాడమ్మా. పైపు తెచ్చినోళ్లను చూసి ఉరికాడంట. ఎటో పొయ్యే ట్యాంకరుకు అడ్డంపడి, డ్రైవరు కాళ్లు పట్టుకున్నాడంట.”

“ఎక్కడున్నాడు?”

“గేటు దాకా వచ్చాడు. సంపులో నీళ్లు పడే చప్పుడు విని పోయాడు.”

ఝాన్సీ రోడ్డుకు రెండువైపులా చూసింది. తెల్లటి ఎండ తప్ప ఎవరూ లేరు.

“అసలెవరు బాబాయ్ అతను?”

ఆ సెంటర్లో అందరికన్నా పాతవాడు శివరామయ్య. తలెత్తి మూడో అంతస్తు వైపు చూశాడు.

“పోయినేడు ఎండాకాలం ఆ కిటికీ పక్క మంచం మీద ఆయన భార్య మస్తాన్‌బీ ఉందమ్మా. ఇట్టాగే ట్యాంకు ఖాళీ అయ్యి, మధ్యలో ఆపేసి రేపు రమ్మన్నారు. తెల్లారకముందే ప్రాణం పోయింది.”

“అయ్యో! ఆ నీళ్లు ఎవరు వాడేశారు?”

శివరామయ్య వంగి సంపులో గొట్టం సరిచేశాడు.

“ఆ రోజు బయట తాడుకు వేలాడతా, లోపలున్న భార్యకు చెయ్యి ఊపుకుంటా, పైపుతో ఈ అద్దాలన్నీ కడిగింది కాలేషానేనమ్మా.”