సరదా బరువు

నిట్టనిలువు కొండల మధ్య ఒక లోతైన లోయ ఉండేది. దాని అడుగున ఉన్న గూడేనికి ఉప్పూ బియ్యమూ మోసేది బూడిదన్న అనే ముసలి కంచర గాడిద. దారి ఇరుకు, పక్కనే అగాధం. నడుము విరిగిపోతున్నా, కింద జనం ఎదురుచూస్తుంటారన్న తలపే దాన్ని నడిపించేది.

ఒకనాడు గద్ద వచ్చి వాలింది. "తాతా, గూడేనికి అవతలి నుంచి జీపుల దారి పడింది. సరుకులన్నీ ఇక జీపులోనే!"

"ఇన్నాళ్లకు నా వీపు పుండ్లు మానుతాయి," అంటూ బూడిదన్న కళ్లు తుడుచుకుంది.

మర్నాడు యజమాని గోనెలకు బదులు జీను కట్టాడు. లోయ చూడవచ్చిన లావుపాటి మనిషొకడు ఎక్కి కూర్చున్నాడు. అడుగుకు చేరగానే చుట్టూ ఒకసారి చూసి, "ఇక పైకి పద," అన్నాడు.

బూడిదన్న బిత్తరపోయి, పక్క బండ మీద వాలిన గద్దనడిగింది. "ఇతన్ని ఇక్కడ దించొద్దా?"

"వద్దు తాతా, మళ్లీ పైకే."

"మరి ఎవరికోసం తెచ్చినట్టు?"

"ఎవరికోసమూ కాదు. సరదాకి."

ఉప్పు మూటలు ఎన్నడూ అంత బరువనిపించలేదు. రొప్పుతూ పైకి చేరేసరికి, జీను ఖాళీ అయీ కాకముందే ఇంకో మనిషి ఎక్కాడు.

బూడిదన్న ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. తల వంచుకుని లోయలోకి దిగింది.