వాగు అవతలి గంట

జనం తగ్గితే మీ సోషల్ మీడియా సైటు పరువు పోతుందని చచ్చినోళ్ల ఖాతాలను కూడా లెక్కలోనే ఉంచారు కదయ్యా దొరలూ! ఆ పాపం అనంతగిరి అడవి అంచున యాదగిరి మెడకు చుట్టుకుంది.

చీకట్లో అతని గొర్రెల మంద తప్పిపోయింది. ఒకప్పుడు ఆ సైటులోని కాపరుల గ్రూపులో అడిగితే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు కుప్పలుగా లైకులు పడ్డాయి, జవాబు రాసింది మాత్రం ఒక్కడే. మల్లప్ప. పోయినేడు యాదగిరే మట్టిపోసిన బావ.

"గొర్లు నా దగ్గరనే ఉన్నయ్ బామ్మర్దీ. వాగు దాటి రా."

"ఎవడ్రా నువ్వు? మా బావ పేరు పెట్టుకొని మజాక్ చేస్తున్నవా?" అని యాదగిరి ఫోన్ మీద అరిచాడు.

వాగు అవతల గంట మోగింది. మల్లప్ప పొట్టేలు గంట. గోతిలో అతని పక్కన పెట్టి పూడ్చిన గంట.

మంద పోతే ఇల్లు గడవదు. యాదగిరి నీళ్లలో కాలు పెట్టాడు.

దొరలూ, అతను అవతలి గట్టు ఎక్కకముందే ఆ మల్లప్ప ఖాతా మూయండి. ఇప్పుడే!