బావ లారీకి బీడింగ్

“ఇది కాదు. ఇంకోటి చూపించు,” అన్నాడు బావ.

లారీ మడ్‌గార్డు అతుకు వెంట అంచుగా వేసే బీడింగ్‌లో మూడో రకం చుట్ట విప్పి టింకర్ ఆయన ఒళ్లో పెట్టాడు. మొదటిది రబ్బరు. ఎండకి పగుళ్లిస్తుందని బావ పక్కన పడేశాడు. రెండోది రెక్సిన్. మెరుపు ఎక్కువట. మూడోది మైనం పట్టించిన నేత గుడ్డ. బావ దాని గుండ్రటి అంచు మీద బొటనవేలు నెమ్మదిగా జరిపాడు.

“ఇదీ! బండి కొత్తగా వచ్చినప్పుడు ఉన్నది ఇలాంటిదే. నల్లదే వెయ్యి.”

“ఆకుపచ్చ బండికి ఆకుపచ్చ బీడింగ్ అయితే కలిసిపోతుంది కదా బావా. రంగు వేయించి తెప్పిస్తాను. రెండు వారాలు పడుతుందంతే.”

“కలిసిపోతే ఇంక బీడింగ్ ఎందుకురా? కాటుక గీతలా కనిపించాలి. ఇవాళే మొదలెట్టు.”

షెడ్డు మధ్యలో లారీ నిలబడి ఉంది. పొడుగు బానెట్టు, దాని రెండు పక్కలా ఏనుగు భుజాల్లాంటి మడ్‌గార్డులు. బావ ముప్పై ఏళ్లు తోలిన బండి. టింకర్‌కి మొదటి సుత్తి కొనిచ్చింది కూడా ఆయనే. ఈ లారీ సొట్టలు తీస్తూనే అతను పని నేర్చుకున్నాడు.

పెయింటర్ స్ప్రే గన్ను కడుక్కుంటూ అడిగాడు. “ఇంత ముస్తాబు దేనికండీ పెద్దాయనా?”

“ఊరేగింపుకి.”

“అబ్బో, పాత బళ్ల ఊరేగింపా! ఎప్పుడు?”

“తేదీ ఇంకా చెప్పలేదయ్యా. ఏ రోజైనా కబురు రావచ్చు. బండి తయారుగా ఉండాలిగా.” బావ నవ్వాడు. “పూలదండలు వేస్తారు. నలుగురూ చూస్తారు. బీడింగ్ వంకరపోతే మా బావమరిది పరువు పోదూ!”

“తోలేది మీరేనా?”

“ఆ రోజు నాకు కుదరదు. వీడే తోలాలి.”

టింకర్ తల ఎత్తలేదు. పానా తీసుకుని మడ్‌గార్డు కిందికి దూరాడు.

పని పెద్ద కష్టమేం కాదు. బోల్టులు వదులు చేసి, మడ్‌గార్డుకీ బాడీకీ మధ్య సందులోకి, గుండ్రటి అంచు మాత్రం పైకి కనిపించేలా, బీడింగ్‌కున్న పల్చటి రెక్కను దూర్చాలి. బోల్టు వచ్చిన చోటల్లా రెక్కకి గాటు పెట్టాలి. వంపు దగ్గర గాట్లు దగ్గరదగ్గరగా పడాలి, లేకపోతే ముడతలొస్తాయి. మధ్యలోంచి మొదలుపెట్టి రెండు వైపులకీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. అతని లాంటి పనివాడికి రెండు రోజులు చాలు.

పది రోజులైనా ఎడమ మడ్‌గార్డే పూర్తి కాలేదు.

ఒకరోజు బీడింగ్ పొట్టిగా కోశాడు. ఇంకోరోజు బోల్టులు తుప్పు పట్టాయంటూ కొత్తవాటి కోసం ఊరంతా తిరిగాడు. మరోరోజు వంపు దగ్గర వెంట్రుకంత ముడత కనిపించిందని మొత్తం ఊడదీశాడు.

“గుడ్డ మందం సరిగా లేదు బావా.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! నత్తకి నడక నేర్పింది నువ్వేరా.”

రోజూ ఫ్లాస్కులో టీ తెచ్చే అక్క, ఆ రోజు తమ్ముణ్ణి షెడ్డు వెనక్కి పిలిచింది.

“ఎందుకురా ఇలా నాన్చుతున్నావు?”

“పని కుదరడం లేదక్కా.”

“ఆ కబుర్లు నాకు చెప్పకు. నువ్వు ఆలస్యం చేసినంత మాత్రాన ఆయన ఆగుతారట్రా?”

అతను గోడ మీది పెయింటు మరకని గోటితో గీకుతూ ఉండిపోయాడు.

“ఆయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే,” అంది అక్క. “చేసిపెట్టు.”

లోపల ఇనుము కిందపడ్డ చప్పుడైంది. ఇద్దరూ పరుగెత్తారు.

బావ లారీ పక్కన నేల మీద చతికిలబడి ఉన్నాడు. పానా రెండడుగుల దూరంలో పడి ఉంది. ఒకప్పుడు ఎవరి సాయమూ లేకుండా లారీ టైరు మార్చిన మనిషి, తన అరచేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

“ఒక్క బోల్టురా. సగం చుట్టు కూడా తిరగలేదు.” ఆయన గొంతులో వెటకారం లేదు. “నావల్ల కాదు. నువ్వు చెయ్యవు. నేనేం చెయ్యను, చెప్పు?”

టింకర్ ఆయన్ని లేపి స్టూలు మీద కూర్చోబెట్టాడు. పట్టుకున్న చెయ్యి వదలడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత వంగి పానా తీసుకున్నాడు.

ఆ రోజు ఎడమ వైపు అయింది. మర్నాడు కుడి వైపు. ఆఖరి బోల్టు దగ్గర ఆగిపోయాడు.

వెనకనుంచి బావ, “ఊఁ,” అన్నాడు.

బిగించాడు.

బావ అక్క భుజం పట్టుకుని లేచాడు. బండి చుట్టూ ఒక్కో అడుగే వేస్తూ తిరిగి చూశాడు. నల్ల గీత ఎక్కడా వంకరపోలేదు, ఎక్కడా ముడత లేదు.

“శభాష్‌రా!”

“ఇంకోసారి పాలిష్ పెడతాను బావా. ఓ నాల్రోజులు ఇక్కడే ఉంచండి.”

“చాల్లే. ఇంటికి తోలుకురా.”

ఇంకేం సాకు చెప్పాలో తోచక టింకర్ తాళాలు అందుకున్నాడు.

బండి ఇల్లు చేరిన ఆరో రోజు పొద్దున అతను, వెనక బాడీలో పడుకున్న బావకి ఏ గతుకూ తెలియకుండా, ఆ లారీని మెల్లిగా శ్మశానం వైపు తిప్పాడు.