కోటా పోయాక పాలన్నం

నా పాలన్నం ఫెర్గల్‌కి నిజంగా ఇష్టమేనా? పెళ్లయిన ఇన్నేళ్లకి ఈ సందేహం.

ఏటా మార్చికల్లా మా ఆవులు సర్కారు పెట్టిన పాల కోటా దాటేసేవి. ఆపైన డెయిరీకి పోస్తే జరిమానా. దూడలు తాగగా మిగిలిన పాలతో రోజూ పాలన్నమే వండేదాన్ని. మా ఆయన మారుమాట లేకుండా రెండేసి గిన్నెలు తినేవాడు. ఎమ్మే చదివిన నా బుర్ర దాన్ని ప్రేమనుకుంది.

చివరికి ఐర్లండ్‌లో కోటా ఎత్తేశారు. ఆ సంబరంలో మళ్లీ అదే వండాను.

"కోటా పోయిందిగా ఊనా! ఇంకా ఈ శిక్షెందుకే?"

"శిక్షా?"

"మరి? మిగిలిన పాలన్నం పెడితే దూడలే మొహం తిప్పుకునేవి. నేను కాబట్టి తిన్నాను."

మర్నాడు పాల లారీ వెళ్లాక, ఫెర్గల్ జగ్గు నిండా పాలు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. "బియ్యం ఉన్నాయా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

పాలన్నం మీద ఇష్టంతో ఆ జగ్గెడు పాలు దాచాడో, నా మొహం చూసి జాలిపడ్డాడో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.