ఈ వారం శవం

సోమవారం పొద్దుటికల్లా హత్య పత్రికాఫీసుకు చేరాలి. అదే షరతు.

పారిస్‌లో ఆ వారపత్రికను జనం కొనేది చివరి పేజీ కోసమే. ఎక్కడ ఎవరి గొంతు తెగినా అక్కడ రంగుల్లో కనిపించాలి. ముందు సిరా గీతలు, వాటి మీద నీటిరంగులు, అన్నిటికంటే చివర నెత్తురు. బొమ్మ కింద ఎప్పుడూ ఒకటే సంతకం: ఎ. కోర్మో.

"ఏమయ్యా కోర్మో, నీ శవాలు చచ్చినట్టు లేవు. భోంచేసి పడుకున్నట్టున్నాయి!" అన్నాడు సంపాదకుడు బార్బెలాఁ, శనివారం. "లియోన్‌లో ఒక సారాకొట్టువాణ్ణి పొడిచేశారు. ఆ బొమ్మ వెయ్యి. ఈసారీ ఇలాగే ఉంటే పేజీ ఇంకొకడికి ఇచ్చేస్తా."

కోర్మో దారిలో నాలుగు గ్లాసులు తాగి ఇంటికొచ్చాడు. తలుపు గడియ పెట్టాడు.

"నీవల్లేనే! నీవల్లే వాడితో మాట పడ్డాను!"

భార్య జెలీని జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. పడిపోతే బూటుకాలితో డొక్కలో తన్నాడు.

కింద గదిలో ఇంటి కాపలామనిషి మదాం త్రూషే ఉల్లికాడలు తరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. బట్టలు తెచ్చిన చాకలామె మాత్రం అదిరిపడింది.

"అయ్యో, ఆవిణ్ణి చంపేస్తున్నాడు!"

"బొమ్మ కోసంలేవే. ఆయన గీస్తాడు, ఆవిడ చస్తుంది. వారానికోసారి చచ్చి, మర్నాడు పాలకి దిగొస్తుంది."

"మరి ఆ వాపులో?"

"ఒళ్ళంతా కమిలినా కుడిచెయ్యి మీద గోటిగాటు ఉండదు. చూశావా ఎప్పుడైనా? నిజంగా కొట్టేవాడు ఆ ఒక్క చెయ్యీ ఎందుకు వదిలేస్తాడు?"

చాకలామె నవ్వేసింది.

ఆదివారం మధ్యాహ్నం గొడవ ఇంకా పెద్దదైంది. కుర్చీ విరిగింది. ఇనుప ఊచేదో నేలకు తగిలి మోగింది.

"చెయ్యి వద్దు! నీకు దణ్ణం పెడతా, ఆ చెయ్యి వద్దు!" జెలీ అరిచింది.

తరవాత మగ గొంతుతో కేక. ఒక్కసారే.

"ఈ వారం చచ్చేది మగాడు కాబోలు," అనుకుంది మదాం త్రూషే, సూప్‌లో ఉప్పు వేస్తూ.

సోమవారం జెలీ అట్టకట్టతో పత్రికాఫీసుకు వచ్చింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. బార్బెలాఁ తాడు విప్పాడు.

బొమ్మలో పొయ్యి పక్కన వెల్లకిలా ఒక మనిషి. సిరా మరకలు గీకే కత్తి చెవి కింద పిడిదాకా దిగింది. ఒక చెయ్యి బల్లకాలిని పట్టుకునే ఉంది. నెత్తురు నేలచెక్కల సందుల వెంట పారి, కిందపడ్డ ఇనుప ఊచ దగ్గర మడుగు కట్టింది.

"ఇదీ చావంటే!" బల్ల చరిచాడు. "అరె, ముఖం కోర్మోదే! అద్దంలో చూసి గీసుకున్నాడా? గట్టివాడే. ఏడీ మనిషి?"

"నేల మీద పడున్నారండీ. లేవలేదు."

"తాగి పడ్డాడన్నమాట. పడుండనీ. ఇదేమిటి, సంతకం మరిచిపోయాడే!"

అచ్చువాళ్ళను కేకేయడానికి ఆయన కిటికీ వైపు తిరిగాడు.

జెలీ బల్ల మీది కలం తీసి సిరాలో ముంచి, తొమ్మిదేళ్లుగా ప్రతి బొమ్మ కిందా పెడుతున్నట్టే, ఒక్క వంకర లేకుండా కుడిచేత్తో భర్త సంతకం పెట్టింది.