చదవని కాగితం

"ఈ కట్టంతా పొయ్యిలో వేసెయ్, రత్నమ్మా. ఇక రాసేది లేదు."

రాసుకోవడానికి వచ్చి ఉంటున్న కళ్యాణి ఇచ్చిన కాగితాల కట్టను వంటమనిషి రత్నమ్మ అందుకుంది. దొరల కాలంనాటి ఆ బెంగళూరు కాటేజీని రచయితల విడిదిగా మార్చి మూడేళ్లయింది. వాళ్లు పారేసిన చిత్తుకాగితాలతోనే ఆమె స్నానాలకు నీళ్లు కాచేది.

"ఇంకా పది దినాలుండాయి కదా పాపా? అప్పుడే ఊరికి పోతావా?"

"ఊరికి కాదులే. నాకు నీళ్లు కాచొద్దు. నువ్వూ ఇంటికెళ్లి సాయంత్రం రా."

కట్టలోంచి జారిన నలిగిన కాగితాన్ని రత్నమ్మ కళ్లు చికిలించి చూసింది.

"తలకిందులుగా పట్టుకున్నావేమో!" కళ్యాణి నవ్వింది.

"'అమ్మా, నన్ను క్షమించు. నేనిక ఉండను' అని రాసుండాది."

కళ్యాణి ముఖం పాలిపోయింది. "నీకు చదువు రాదనుకున్నానే!"

"రాకుండె. మా చెల్లెలు ఇట్లే ఒక కాగితం బియ్యం డబ్బా మీద పెట్టి పోయె. చిత్తుకాగితం అనుకొని దాంతోనే పొయ్యి అంటిస్తి. మధ్యాహ్నం చెల్లెలి శవాన్ని జనం మోసుకొచ్చినాక అదేం కాగితమో తెలిసె. ఆ తర్వాతే అక్షరాలు నేర్చుకుంటి. ఈ ఇంట్లో చదవకుండా ఒక్క కాగితమూ కాల్చలే."

పొయ్యిలో నిప్పు ఆరుతోంది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

రత్నమ్మ పెరటి తలుపు గడియ వేసింది. కట్టను ఒళ్లో పెట్టుకుని, కళ్యాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను చదివేది శానా నిదానం పాపా. ఇదంతా అయ్యేదాకా నా పక్కనే కూర్చో. తెలియని మాటలు నువ్వే చెప్పాల."