గుట్ట మీది రాతి ఇల్లు

“జర పైలం సార్, అక్కడ కాలు జారుతది.”

బిక్షపతి చెయ్యందిస్తే పట్టుకుని ప్రదీప్ సారు గుట్ట మీదికి ఎక్కాడు. ఎదురుగా బండలో చెక్కిన ఇంటి ముఖాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు. రెండు స్తంభాలు, పైన దూలాల మొనలు, నడుమ తలుపు. అన్నీ రాతివే.

“లిసియా!” అన్నాడు. “అచ్చం లిసియా!”

పాతకాలపు సమాధుల మీద పరిశోధన చేసే ఆ సారు నిరుడే టర్కీ చూసి వచ్చాడు. ఇక ఆగుతాడా! లిసియా అనే దేశంలో వెనకటి జనం కొండ చరియల్ని తొలిచి ఇళ్ళలాంటి సమాధులు చేసుకున్నారనీ, బతికినన్నాళ్ళు ఉన్న కొయ్య ఇంటినే చచ్చాక రాతిలో చెక్కించుకునేవారనీ ఒకటే చెప్పుకుపోయాడు.

“బతికినప్పుడు లేని ఇల్లు గూడ కావొచ్చు గద సార్,” అన్నాడు బిక్షపతి.

సారు నవ్వేసి ఫొటోలు తీసుకోవడంలో పడ్డాడు.

గుట్ట కింద, నర్మెట్ట పోయే దారి పక్కన, పదహారిళ్ళ వాడ. అందరూ రాళ్ళు కొట్టి బతికేవాళ్ళే. గుట్టను గ్రానైట్ క్వారీకి ఇచ్చేశారు. సోమవారం నుంచి పేలుళ్ళు. ఇళ్ళు ఖాళీ చేయమని కాగితాలు కూడా వచ్చాయి. అవి పట్టుకుని వాడవాళ్ళు ఎక్కని ఆఫీసు లేదు, మొక్కని సారు లేడు. గుట్ట మీద పురాతన సమాధి ఉందని తేలితే పని ఆగుతుందని ఎవరో చెబితే, వాడ పెద్ద చంద్రయ్య ఈ రాతి ఇంటి ఫొటో పంపి ప్రదీప్ సారును రప్పించాడు. నిన్న బిక్షపతి ఇంటికి వచ్చి, “పదహారిండ్లు నీ చేతుల్ల పెట్టినం అన్నా,” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ గుట్ట సంగతి బిక్షపతికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. సారు అడిగితే చెప్పవలసింది అతనే.

సారు అడగనే అడిగాడు. “ఇది ఎప్పటినుంచి ఉంది పెద్దాయనా?”

వెంట వచ్చిన చంద్రయ్య నేలచూపులు చూస్తున్నాడు. వెనకనుంచి బిక్షపతి కూతురు సౌందర్య తండ్రి చెయ్యి పట్టుకుంది.

“చెప్పు నాయినా. ఉన్నదున్నట్టు చెప్పు.”

“ఊకో బిడ్డా.” బిక్షపతి సారు వైపు తిరిగాడు. “మా తాతల తాతల కెళ్ళి ఉన్నది సార్.”

సారు పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత బండను వేళ్ళతో తడిమాడు.

“లోపలి గుహ దానంతట అదే ఏర్పడ్డది. ముందు భాగమే చెక్కారు. ఒక్క ఉలి దెబ్బ తప్పలేదు చూడు! రాజుగారి పనివాడై ఉంటాడు.”

“కూలోడే అయ్యుంటడు సార్.”

“లిసియాలో అయితే, సమాధి తెరిచినవాడు నాశనమైపోవాలని శాపం చెక్కించేవాళ్ళు. ఇక్కడ రాతలేం లేవు. మన అదృష్టం!”

“సదువొస్తే రాస్తుండెనేమో సార్.”

తలుపు బండ తీయాలన్నాడు సారు. బిక్షపతి అడ్డం నిలబడ్డాడు.

“పండుకున్నోళ్ళను లేపుడెందుకు సార్? ఫొటోలు తీస్తిరి గద, సాలవా?”

“ఖాళీ గుహను చూసి క్వారీ ఎవడు ఆపుతాడు పెద్దాయనా? లోపల ఎముకలుంటే పరీక్షకు పంపిస్తా. అది తేలేదాకా, ఏడాదో రెండేళ్ళో, గుట్టను ఎవరూ ముట్టుకోలేరు.”

బిక్షపతి కిందికి చూశాడు. పదహారు కప్పులు. ఒక రేకుల కప్పు మీద మిరపకాయలు ఎండబెట్టి ఉన్నాయి. చంద్రయ్య గడ్డపార అందుకోబోతే లాక్కున్నాడు.

“మీరెవ్వరు ముట్టకుండ్రి.”

బండ పక్కకు జరిగింది. సారు టార్చి వేసి లోపలికి తొంగి చూశాడు.

“ఆడమనిషి! వింతేమిటంటే ఒక్క పూస లేదు, నగ లేదు.”

“తీసేసి ఉంటరు సార్.”

సౌందర్య కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగి కూర్చుంది.

“అమ్మాయి భయపడ్డట్టుంది,” అన్నాడు సారు.

“మెత్తటి మనసు సార్ దానిది.”

లోపలికి సారును కూడా పోనివ్వలేదు బిక్షపతి. తానే పాకి వెళ్ళి ఒక్కొక్క ఎముకనూ తెచ్చి అట్టపెట్టెలో పేర్చాడు. అంత నెమ్మదిగా చేస్తుంటే సారుకు ముచ్చటేసింది, ఇట్లాంటి మనిషి తమ పనిలో ఉండాలన్నాడు. గుట్ట దిగేదాకా ఆ పెట్టెను బిక్షపతి ఎవరి చేతికీ ఇవ్వలేదు. జీపు దగ్గర, తాను చెప్పింది సారు రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు.

“ఇక పరేషాన్ కాకండి,” అన్నాడు సారు జీపెక్కుతూ. “మూడు వేల ఏళ్ళనాటి తల్లి మీ వాడను కాపాడింది.”

జీపు మలుపు తిరిగేదాకా బిక్షపతి అక్కడే నిలబడ్డాడు. చంద్రయ్య వచ్చి కాళ్ళమీద పడితే వెనక్కి జరిగాడు. వాడ మీద అసహ్యం పుట్టింది అతనికి. తన మీద అంతకంటే ఎక్కువ పుట్టింది.

బిక్షపతి తన భార్య కౌసల్యకు ఆ ఇల్లు చెక్కి ఆరేళ్ళే అయింది.